దొరగారి పాత కారు

మధ్యతరగతి మనిషి సమస్యలు పైకి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. కాస్త తలదూర్చి చూస్తే వాటి వెనక మొత్తం వ్యవస్థ కనిపిస్తుంది. ఈ మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివిందే గాని, ఈమధ్య ఒక పాత కారు దాన్ని నాకు మళ్ళీ నేర్పింది.

హైదరాబాదు శివారులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడొకాయన కారు కొనదలచాడు. ఆయన దగ్గర 7 లక్షల రూపాయలున్నాయి. పదేళ్ళుగా జీతంలోంచి మిగిల్చినవి. ఆ డబ్బుకు ఒక చిన్న కొత్త కారు వస్తుంది. కాని ఆయన కన్ను వేరొకదానిమీద పడింది. అదొక జర్మన్ కారు, డీజిలుది. వయస్సు 12 ఏళ్ళు. మీటరు ప్రకారం తిరిగింది 1,60,000 కిలోమీటర్లు. కొత్తలో 60 లక్షలు పలికిన ఆ బండి ఇవాళ ఆరున్నర లక్షలకు వస్తుందట. తోలు సీట్లున్నాయి, తలుపు మూస్తే లోపల గుడిలో వున్నంత నిశ్శబ్దం. "అరవై లక్షల కారు ఆరున్నరకు! మీరేమంటారు మాస్టారూ?" అని నన్నడిగాడు.

అప్పటికే వాళ్ళ స్టాఫురూములో రెండు పక్షాలు తయారయ్యాయి. ఒక పక్షం అంటుందీ: "సౌఖ్యం డబ్బున్నవాళ్ళ సొత్తా? దొరలు వాడి వదిలేసిన దాన్ని మనం పదోవంతు ధరకు తీసుకుంటే అదీ ఒకరకం సమానత్వమే." రెండో పక్షం అంటుందీ: "అభ్యుదయ భావాలున్నవాడికి విలాసవస్తువు మీద ఈ మోజేమిటి? బస్సులో వెళ్ళరాదూ?" నా వుద్దేశంలో ఈ రెండు వాదాలూ తప్పే. తప్పని వూరికే అంటే చాలదు గనక కారణాలు చెబుతాను.

మొదట రెండో వాదాన్నే తీసుకుంటాను, ఎందుకంటే అది మన సొంత ఇంటి జబ్బు. సుఖం కోరడం నేరమని శ్రామికవర్గం ఎన్నడూ చెప్పలేదు. వైరాగ్యం బోధించడానికి దేశంలో మఠాలు చాలినన్ని వున్నాయి. మెత్తటి సీటూ, గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడే గాలిసంచీ, చిత్తడి రోడ్డుమీద జారకుండా ఆపే బ్రేకూ మనుషుల తెలివీ శ్రమా కలిస్తే పుట్టినవి. చెన్నై దగ్గర 2007 నుంచి బి.ఎం.డబ్ల్యు. కార్లూ, పూణే దగ్గర చాకన్‌లో 2009 నుంచి మెర్సిడెస్ బెంజ్ కార్లూ బిగిస్తున్నది మన దేశపు కార్మికులే. తాము బిగించిన కారును కొనగల స్తోమత ఆ కార్మికుడికి లేకపోవడం అన్యాయంగాని, కారు బాగుండడం అన్యాయం కాదు.

ఇక బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోనూ స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పని. కాని టిక్కెట్టు మాఫీ అయినంత మాత్రాన వూరిబయట కాలేజీకి వేళకు బస్సు వస్తుందని కాదు. బస్సు లేనిచోట నిలబడ్డ మనిషికి "బస్సెక్కు" అని నీతి చెప్పడం, ఆకలిగొన్నవాడికి ఏకాదశి మహాత్మ్యం చెప్పడంలాంటిది. బస్సులకోసం పోరాడవలసిందే. పోరాటం ఫలించేదాకా ఆయన తొమ్మిదింటికి క్లాసులో వుండాలి. కనక కారు కావాలనడంలో ఆయన తప్పేమీ లేదు.

ఇప్పుడు మొదటి వాదం. ఇది మరింత ప్రమాదకరమైంది. ఎందుకంటే ఇందులో సగం నిజం వుంది.

ఆ సగం ఏమిటో ముందు ఒప్పుకుందాం. యంత్రం అరగడం రెండు రకాలని మార్క్స్ 1867లో అచ్చయిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో చెప్పాడు. వాడినందువల్లా, వాడకుండా తుప్పు పట్టినందువల్లా యంత్రం అరగడం ఒకటి. యంత్రం చెక్కుచెదరకపోయినా, దానికంటె మంచిదో చవకదో బజారులోకి వచ్చినందువల్ల దాని విలువ పడిపోవడం రెండోది. ఆయన ఫ్యాక్టరీ యంత్రాలను గురించి చెప్పాడు. కాని డబ్బున్నవాళ్ళ కార్ల విషయంలో ఈ రెండోది విపరీత రూపం ధరిస్తుంది. షావుకారు 60 లక్షలు పోసింది ఇనుముకూ తోలుకూ మాత్రమే కాదు, వీధిలో మొదట తన గుమ్మం ముందు అది నిలబడడానికి కూడా. నలుగురూ చూడడానికి చేసే ఖర్చును గురించి వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1899లోనే ఒక పుస్తకం రాశాడు. కొత్త మోడలు రాగానే ఆ గొప్ప కాస్తా ఆవిరైపోతుంది, దాంతో ధరా పడిపోతుంది. ఇనుముకు మాత్రం ఫ్యాషను తెలియదు, నిన్న లాగినట్టే ఇవాళా లాగుతుంది. ఈ మేరకు రెండోచేతిలో కొన్నవాడు నిజంగానే లాభపడతాడు. దొరగారి దర్పానికి అయిన ఖర్చు దొరగారే భరించాడు.

కారు ధర పడిపోవడానికి కారణం ఇదొక్కటే అయితే నేను మిత్రుడితో "వెంటనే కొనండి" అనేవాణ్ణి. మూడు, నాలుగేళ్ళ కారు విషయంలో ఇది చాలావరకు నిజం కూడాను. పన్నెండేళ్ళ కారు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ ధర పడిపోవడానికి ముఖ్యకారణం, రాబోయే రిపేరు బిల్లులు. కంపెనీ హామీ వున్న మంచి సంవత్సరాలు మొదటివాడు అనుభవించాడు. చెడ్డ సంవత్సరాలను విడదీసి, వాటికి పాలిషు పెట్టి, మనకు అమ్ముతున్నాడు. "అరవై లక్షల కారు ఆరున్నరకు వస్తున్నది" అనే మాటలోని మోసం ఇక్కడే వుంది. వస్తున్నది ఆరున్నర లక్షల కారే. దాని బిల్లులు మాత్రం అరవై లక్షల కారువి. చింత చచ్చినా పులుపు చావదు. కారు ధర పదోవంతుకు దిగిందని దాని గేర్‌బాక్సు ధరా పదోవంతుకు దిగదు.

వివరాల్లోకి వెళదాం. ఇలాంటి కార్లలో చాలావాటికి ఇనుప స్ప్రింగుల బదులు గాలితో నిండిన రబ్బరు తిత్తులుంటాయి. పల్లకీలో వెళ్తున్నట్టుండేది వాటివల్లనే. రబ్బరుకు ముసలితనం తప్పదు. తిత్తికి చిల్లి పడితే గాలి నింపే పంపు ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. తెల్లారి చూసేసరికి కారు ఒకపక్కకు కూలబడి వుంటుంది. గేర్‌బాక్సు సంగతి ఇంకా విచిత్రం. అందులోని నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. అలాంటి గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ సంస్థ జెడ్.ఎఫ్. మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకొకసారి మార్చమంటుంది. "జీవితాంతం" అంటే ఎవరి జీవితమో ఇప్పుడు అర్థమవుతున్నది కదా! మొదటి యజమాని దగ్గర కారు వున్నంతకాలమన్నమాట. ఆ తర్వాత టర్బో వుంది, ఇంజెక్టర్లున్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డజన్లకొద్దీ ఎలెక్ట్రానిక్ పెట్టెలున్నాయి. వీటిలో పెద్దది ఒకటి పోతే బిల్లు లక్ష దాటడం సాధారణమే.

ఇన్సూరెన్సు ఆదుకుంటుందా? ప్రమాదమైతే తప్ప అది రిపేర్లకు పైసా ఇవ్వదు. ప్రమాదమే అయినా, పదేళ్ళు దాటిన కారులో ఇనుప భాగాల ఖరీదులో మామూలు పాలసీ కింద సగం తరుగు కోసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ, బ్యాటరీకీ, గాలిసంచీలకూ సగమే. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో మూడువంతులు మించితే, కారు పూర్తిగా నష్టమైనట్టే లెక్క. ఆరున్నర లక్షల విలువ, అరవై లక్షల కారు భాగాల ధరలు! ఒక బంపరూ, రెండు దీపాలూ, నాలుగు గాలిసంచీలూ పోతే చాలు, కారు కాగితం మీద చచ్చినట్టే.

ఇక ఈ కారు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా అడగాలి. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఉత్తర్వులిచ్చింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది, 2025లో కొంత సడలించింది. ఈ మధ్యకాలంలో అక్కడ చెల్లని డీజిలు కార్లు చవగ్గా ఇతర రాష్ట్రాలకు ప్రయాణం కట్టాయి. ఢిల్లీ సంపన్నుడి ఆరోగ్యానికి పనికిరాని పొగ మన వీధులకు సరిపోతుందన్నమాట! అలా వచ్చిన కారుకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవితపన్ను కట్టాలి. ఆరున్నర లక్షల్లో ఇదేదీ చేరలేదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగింది. ఆ నీళ్ళలో నానిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. తివాచీ ఎత్తి అడుగున తుప్పుందో లేదో చూడాలి. మీటరు మీది అంకెను నమ్మకూడదు. దాన్ని వెనక్కు తిప్పడం ఇవాళ చిన్న పరికరంతో అయ్యే పని. పాత సర్వీసు బిల్లుల మీది కిలోమీటర్లతో పోల్చి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. పాత యంత్రాన్ని బాగుచేసుకోవడం ఇంత ఖరీదు కావడం ప్రకృతి ధర్మమా? కానేకాదు. మన వూళ్ళలో చెట్టుకింద షెడ్డు వేసుకున్న మెకానిక్కుకు ఇంజను విప్పడమూ తెలుసు, బిగించడమూ తెలుసు. చిన్నప్పటినుంచీ చేతులు కాల్చుకుని నేర్చిన విద్య అది. ఆ విద్యకు కంపెనీలు తాళం వేశాయి. జబ్బు కనిపెట్టే సాఫ్టువేరు బయటివాళ్ళకివ్వరు, అసలు విడిభాగాలు బజారులో అమ్మరు. ఇది నా ఊహ కాదు. మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలను సరిగ్గా ఈ విషయంలోనే తప్పుపట్టి దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. 2022లో కేంద్రప్రభుత్వం "మరమ్మతు హక్కు" మీద ఒక సంఘం వేసి, వాహనాలను కూడా దాని పరిధిలో చేర్చింది. ఒక పోర్టలు వచ్చింది. చెట్టుకింద మెకానిక్కు చేతికి మాత్రం ఆ తాళంచెవి ఇంకా రాలేదు. అరవై లక్షల కారు పన్నెండేళ్ళకే గుదిబండ అవుతున్నదంటే, దాని ఇనుము చెడ్డదై కాదు, దాని మరమ్మతు గుత్తసొత్తు అయినందువల్ల.

"దొరలు వదిలేసింది మనం తీసుకోవడమే సమానత్వం" అన్న వాదం ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది. సమానత్వమంటే మంచి వస్తువూ, దాన్ని నిలబెట్టుకునే సాధనాలూ రెండూ అందరికీ అందాలి. వస్తువు ఇచ్చి, సాధనాలు తన దగ్గరే అట్టిపెట్టుకున్నవాడు మనకు సౌఖ్యం పంచలేదు, కప్పం కట్టే బాధ్యత అంటగట్టాడు. వెనకటికి ఎవరిమీదనైనా కోపం వస్తే రాజుగారు ఏనుగును బహుమానమిచ్చేవాడట. ఏనుగు ఉచితమే, మేతే కొంప ముంచేది.

మరి ఇలాంటి కారు ఎవరూ కొనకూడదా? కొనవచ్చు. సొంత చేతులతో విప్పి బిగించగలవాడు కొనవచ్చు. ఆ కారు నెలరోజులు షెడ్డులో పడివున్నా రోజువారీ పని ఆగనివాడు కొనవచ్చు. కొన్న ధరలో సగమైనా రిపేర్లకని పక్కన పెట్టి, అది పోయినా నిద్రపోగలవాడు కొనవచ్చు. నా మిత్రుడు ఈ ముగ్గురిలో ఎవరూ కాడు. కొన్న మర్నాడు ఆయన దగ్గర మిగిలేది 50,000 రూపాయలు. అది పన్నుకే చాలదు.

ఆ 7 లక్షలు అసలు ఏమిటో ఇంతవరకు చెప్పలేదు. ఆయన కాలేజీలో జీతాలు రెండేసి, మూడేసి నెలలు ఆలస్యంగా వస్తాయి. గత సంవత్సరం అధ్యాపకులు కలిసి యాజమాన్యానికి ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో మొదటి సంతకం ఈ మిత్రుడిది. సంతకం పెట్టవద్దని ఇంట్లోవాళ్ళు అన్నప్పుడు, "ఉద్యోగం పోతే ఏడాదిపాటు మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని ఆయన అనగలిగాడు. అలా అనిపించింది ఆ బ్యాంకు పాసుపుస్తకమే. రేపు ఆ డబ్బు కారుగా మారి, కారు గాలితిత్తి చిరిగి, షెడ్డువాడికి లక్షన్నర బాకీపడ్డ నెలలో మరో వినతిపత్రం వస్తే, ఆయన చెయ్యి కలంమీదికి వెళుతుందా? మనిషి భావాలు మారకుండానే సంతకం మానేసేది ఇలాంటి నెలల్లోనే.

అందుకని నేనాయనకు చెప్పాను: "ఈ కారు కొనకండి. నాలుగైదేళ్ళ వయస్సున్న చిన్న కారు, మన వీధి మెకానిక్కు బాగుచేయగలది, మూడున్నర లక్షల్లో చూసుకోండి. మిగతా మూడున్నర లక్షలు అలాగే వుండనివ్వండి."

ఆయన కాస్సేపు మాట్లాడలేదు. ఆ తోలు సీట్లను తలుచుకుంటున్నాడని నాకు తెలుసు. ఆయన ఆశను నేను ఎగతాళి చేయలేదు, ఎవరూ చేయకూడదు. చివరికి, "వచ్చేవారం రెండో వినతిపత్రం రాయాలి, ముసాయిదా మీరు చూసిపెడతారా?" అని అడిగాడు. చూస్తానన్నాను.