ముత్తాతగారి టోపీ బిళ్ళ

పిల్లలూ! మీలో తపాలా బిళ్ళలు పోగుచేసేవారు చాలామంది వున్నారు. విశాఖపట్నంలో మరొక రకం బిళ్ళ కూడా దొరుకుతుంది. అది నావికుల టోపీ బిళ్ళ. నౌకాదళం వున్న వూరు గనక, ఏ ఇంటి పాతపెట్టెలో నుంచైనా ఒకటి బయటపడవచ్చు.

అప్పుడు తగవు వస్తుంది. ముత్తాతగారి బిళ్ళలో లంగరుపైన కిరీటం, తాతగారి దానిలో సింహాలు! "అయితే ఒకటి నకిలీ" అని తీర్పు చెప్పేయకండి. రెండూ అసలువే కావచ్చు. 1934 నుంచి మన నౌకాదళం పేరు రాయల్ ఇండియన్ నేవీ. 1947లో స్వాతంత్ర్యం వచ్చినా కిరీటం వెంటనే పోలేదు. 1950 జనవరి 26న మన దేశం గణతంత్రమైనప్పుడు "రాయల్" పోయింది, కిరీటం వుండేచోట అశోకుని సింహాలు వచ్చాయి.

కిరీటాన్ని కూడా పరీక్షగా చూడాలి. రాజుల కాలపుది గుమ్మటంలా గుండ్రంగా వుంటుంది. 1952లో ఎలిజబెత్ రాణి అయిన తరువాత వచ్చినది పైన, మధ్యలో నొక్కినట్లుంటుంది. అప్పటికి మనకు కిరీటమే లేదు గదా! కాబట్టి రాణి కిరీటమున్న బిళ్ళను మన నౌకాదళానిదని అమ్మజూపితే నమ్మకండి.

ఇక నకళ్ళ సంగతి. అసలు లోహపు బిళ్ళలను రూపాయి నాణెంలాగే అచ్చుతో కొట్టేవారు. నకలు చేసేవాడు అసలు బిళ్ళను మట్టిలో అద్ది, ఆ గుంటలో కరిగిన ఇత్తడి పోస్తాడు. లోహం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది గనక నకలు రవ్వంత చిన్నదవుతుంది. లంగరుకు చుట్టిన తాటి పురి మొద్దుబారుతుంది. భూతద్దంలో సన్నని రంధ్రాలు కనబడతాయి. నేను కూడా ఒకసారి మెరుపు చూచి మోసపోయాను. వెనక్కు తిప్పి చూడనే లేదు! పలచని రేకుమీద అచ్చు కొట్టినదైతే, ముందు వుబ్బినచోటల్లా వెనక గుంట వుంటుంది. జరీతో కుట్టిన బిళ్ళలకు మాత్రం ఈ లెక్క లేదు. అవి చేతిపని, ఏ రెండూ ఒకేలా వుండవు.

అమ్మ ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమబోయేరు సుమా! ముత్తాతగారు ఏళ్ళతరబడి తుడవగా వచ్చిన నునుపు అది.

పెద్దవాళ్ళను అడిగి, ఏ ఓడ, ఏ సంవత్సరం అన్నది చీటీమీద రాసి బిళ్ళతో పెట్టండి. 1950కి ముందైతే ఓడ పేరుకు ముందు ఎచ్. ఎమ్. ఐ. ఎస్., తరువాతదైతే ఐ. ఎన్. ఎస్. వుండాలి. విశాఖలో ఉత్తర సర్కారుల పేరు పెట్టుకున్న "సర్కార్స్" నౌకాస్థావరానికి ఈ రెండూ వరసగా వచ్చాయి.