పరుగు ఒకరిది, జోడు ఇంకొకరిది

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అటు పిమ్మట ఆ రాళ్లగుట్టల నడుమ ఎంత నగరం లేచినదో మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రాసెసర్లు రూపొందించే ఎ.ఎం.డి.కి, మెమరీ చిప్పులు చేసే మైక్రాన్‌కు నేడు ఈ నగరంలోనే కేంద్రాలున్నవి. అయినను, సొంతంగా కంప్యూటరు కూర్చుకోదలచిన విద్యార్థి వెళ్లేది ఆ అద్దాల మేడలకు కాదు. సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు. అతని జేబులోని సొమ్ము తండ్రి కష్టార్జితం. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించుటను ఓవర్‌క్లాకింగ్ అంటారు. యువకులకు ఈ మోజు సహజమే. అయితే వారి దృష్టి అంతా ప్రాసెసరు మీదనే. మెమరీ దుకాణదారు ఇష్టానికి వదలివేస్తున్నారు. మూల గడియార వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ నుండి 105కు పెంచితే, 3200 వద్ద నడిచే మెమరీ కూడా 3360కి ఈడ్వబడుతుంది. దానికి ఆ శక్తి ఉన్నదా అని ఎవరడుగుతున్నారు? గుణకం పెంచుకొనే వీలున్న ప్రాసెసరయితే మూల గడియారాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

పెట్టెమీది అంకెను చూచి మురిసిపోవడం మరొక పొరపాటు. సి.ఎల్.16 గల 3200 మెమరీకి, సి.ఎల్.18 గల 3600 మెమరీకి ఆ ఆలస్యం లెక్కిస్తే రెండింటికీ 10 నానోసెకన్లే! మోసుకొచ్చే సమాచారం కొంత పెరుగుతుంది, కాదనము. పైగా ఆ పెద్ద అంకె దానంతట అది రాదు, బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అమరిక తెరవాలి. డి.డి.ఆర్.4లో సాధారణ వోల్టేజి 1.2 కాగా, ఈ అమరికలో తరచు 1.35 వోల్టులు. అనగా అదియును ఒక ఓవర్‌క్లాకింగే.

మా అనుభవం ఒకటి చెబుతాము. ప్రయోగశాలలోని ఒక యంత్రంలో పాత మెమరీ ముక్క పక్కన వేరొక తయారీ ముక్కను పెట్టి, వేగం పెంచి చూచితిమి. కాడికి కట్టిన ఎడ్లలో నెమ్మదైనదే నడక నిర్ణయించినట్లు, ఆ జంట మొదట తక్కువ వేగానికే ఒప్పుకున్నది. మేము ఊరుకొనలేదు, బలవంతపెట్టితిమి. యంత్రం చక్కగా తెరచుకున్నది కూడా! వారం దినాలకు ఒక విద్యార్థి ప్రాజెక్టు ఫైలు చెడిపోయి కనబడినది. తప్పు ముమ్మాటికీ మాదే. ఆగిపోయే యంత్రంకంటె, ఆగకుండా తప్పులు వ్రాసే యంత్రం ప్రమాదకరమని ఆనాడు తెలిసినది.

కళాశాల కమిటీవారికి మా మనవి: ప్రయోగశాల యంత్రాలకు ఓవర్‌క్లాకింగ్ వద్దు, ఆ ముచ్చటకు ఒక పాత యంత్రాన్ని విడిగా ఇప్పించండి. మెమరీ కొనునపుడు మదర్‌బోర్డు తయారీదారు ఆమోదించిన జాబితా చూచి, ఒకే పెట్టెలో వచ్చిన జంటనే తీసుకొనవలెను. రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపి, ఒక్క తప్పు కూడా రాలేదని చూచిన పిమ్మటనే బిల్లుపై సంతకం చేయవలెను.