షెడ్డు మూసే వేళకు ఒక కౌన్సెలర్

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి,

లారీ బాడీలు కట్టడంలో మా విజయవాడ ఆటోనగర్‌కు రాష్ట్రం దాటి పేరుంది. ఇంట్లో పదహారేళ్ల కొడుకుతో పది నిమిషాలు కుదురుగా మాట్లాడటం మాత్రం ఇక్కడ చాలామంది తండ్రులకు చేతకావడం లేదు.

చేతుల గ్రీజు వదిలించుకుని మనిషి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. కుర్రాడి చేతిలో ఫోను. మొదటి మాట "మార్కులెన్నిరా?" రెండోది "నాలాగే సుత్తి పట్టుకుంటావా?" వాడు తలుపు ధడాలున వేసుకుంటాడు. కంచంలో అన్నం చల్లారిపోతుంది, తల్లి మధ్యలో నలిగిపోతుంది. ఇల్లు గడిపే సుత్తినే తిట్టుగా వాడితే పిల్లాడికి తండ్రి మీద గౌరవం ఎలా పుడుతుందండీ?

సర్కారు ఏమీ చేయలేదనను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, 2022 నుంచి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఇల్లొదిలి రైల్వేస్టేషన్లో దొరికిన పిల్లల్ని చూడటానికి బాలల సంక్షేమ కమిటీ ఉంది. కానీ కుర్రాడు గడప దాటకముందు తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడే మనిషే లేడు. సోమవారం మీ కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకుని రావాలంటే ఆ రోజు కూలి పోతుంది.

అందుకే అడుగుతున్నాం. వారానికో సాయంత్రం, షెడ్లు మూసే వేళకు, ఆటోనగర్‌లోనే ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. ఉపన్యాసాలు వద్దు. ఇంటర్ వద్దని మొండికేసిన కుర్రాడికి ఐటీఐ, పాలిటెక్నిక్ దారి చెప్పగలవారు, తండ్రి గోడు కూడా వినేవారు కావాలి. గది మేం చూసుకుంటాం, మనిషిని మీరు పంపండి.

ఇట్లు,
ఆటోనగర్ బాడీబిల్డింగ్ కార్మికుడొకరు