దాబాకు టేపు ఎవరు పెడతారు?

మద్యం షాపు బడికి, గుడికి 100 మీటర్ల అవతల ఉండాలన్నది నిబంధన. హైవేల పక్కన 500 మీటర్ల లోపు అమ్మరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు 2017లో దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఈ కొలతలన్నీ లైసెన్సు ఉన్నవాడికే. మా ఊరి దాబాకు లైసెన్సే లేదు, ఇక టేపు పెట్టేదెవరు? ఆమ్లెట్ అడిగితే క్వార్టర్ సీసా కూడా వస్తుంది, షాపు రేటు మీద ఇంకో ఇరవై వేసి.

ఒక ఆదివారం నన్ను చూడటానికి బయలుదేరిన మా నాన్న ఆ దాబా దగ్గరే ఆగిపోయాడు. నేను చీకటి పడేదాకా హాస్టల్ గేటు దగ్గరే కూర్చున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన తల్లులు సారా కొట్టు మూయించారు. 1993లో సారాపై నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. మళ్లీ నిషేధం పెట్టమని నేననను, దొంగసారా అప్పుడూ కాగిందట. నేనడిగేది చిన్నది. దాబాలో సీసా దొరికితే దాబావాడి మీద కేసు రాసి ఊరుకోవద్దు. మూత మీది హోలోగ్రామ్ చూస్తే అది ఏ షాపు సరుకో తెలుస్తుంది. ఆ షాపు లైసెన్సు రద్దు చేయండి.