కూతురి సంతకం

గోల్ఫ్ గురించి మన ఇళ్లల్లో మాట్లాడుకునే సందర్భాలు తక్కువ. అది డబ్బున్నవాళ్ల ఆట, మగవాళ్ల ఆట అని మన లెక్క. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ పతకం కోసం పోరాడుతున్నప్పుడు మాత్రం, ఆ ఆట నియమాలు తెలియని ఆడవాళ్లు కూడా పొద్దున్నే టీవీల ముందు కూర్చున్నారు. ఒక్క స్ట్రోకు తేడాతో కంచు పతకం చేజారి ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. ఆట సంచి మోస్తూ పక్కన నడిచింది ఆమె తల్లి. కన్నవాళ్లు వెనక నిలబడితే ఆడపిల్ల ఎంత దూరమైనా వెళుతుందని అప్పుడు అందరం అనుకున్నాం. నిజమే.

ఆ మాటకు రెండో సగం కూడా ఒకటుంది. వెనక నిలబడిన వాళ్లకు ఆ అమ్మాయి ఎంత బాకీ పడుతుంది? ఎన్నాళ్లు తీర్చాలి? ఈ ప్రశ్న నాకు దక్షిణ కొరియా క్రీడాకారిణి సేరి పాక్ కథ చదివినప్పుడు గట్టిగా తగిలింది.

సేరి పాక్ 1977లో పుట్టింది. చిన్నప్పుడు పరుగు పందాల పిల్ల. గోల్ఫ్‌లోకి తెచ్చింది, మొదట నేర్పింది నాన్నే. కూతుర్ని ఆయన అపార్ట్‌మెంటు మెట్లు పై అంతస్తు దాకా ముందుకీ వెనక్కీ పరుగెత్తించేవాడని పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. ఆమె టీనేజీలో ఉండగానే ఆయన వ్యాపారం దెబ్బతింది. అప్పులు మొదలయ్యాయి. 1996లో శాంసంగ్ కంపెనీ ఆమెతో ఒప్పందం చేసుకుని, శిక్షణకు అమెరికా పంపింది. భాష రాదు, తోడు లేదు.

అంతర్జాతీయ టూర్ అంటే పేరు వినడానికి బాగుంటుంది కానీ, అందులో నెల జీతం ఉండదు. వారానికో ఊరు. చాలా పోటీలు నాలుగు రోజులు జరుగుతాయి. మొదటి రెండు రోజుల్లో వెనకబడితే ఇంటికే. దాన్ని కట్ తప్పడం అంటారు. చాలా పోటీల్లో కట్ తప్పితే బహుమతి డబ్బులో పైసా రాదు. విమానం టికెట్లు, హోటలు, సంచి మోసే క్యాడీ ఖర్చు మాత్రం తప్పవు. గెలిచినవాళ్ల ఫోటోలు మనకు కనిపిస్తాయి. ఖర్చులు రాక వెనుదిరిగిన వాళ్లు కనిపించరు.

1998లో ఇరవై ఏళ్ల సేరి, అమెరికా మహిళల టూర్‌లో కొత్తగా అడుగుపెట్టిన ఏడాదే రెండు మేజర్ పోటీలు గెలిచింది. రెండోది యు.ఎస్. ఉమెన్స్ ఓపెన్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్లాక్‌వుల్ఫ్ రన్ మైదానంలో నాలుగు రోజులూ ఆడాక ఇద్దరు సమానమయ్యారు. అయిదో రోజు మళ్లీ పద్ధెనిమిది హోల్స్ ఆడితే అప్పుడూ సమానమే. ఆ పద్ధెనిమిదో దగ్గరే సేరి కొట్టిన బంతి నీటి గుంట అంచు గడ్డిలో చిక్కుకుంది. ఆమె బూట్లు, మేజోళ్లు విప్పేసి, నీళ్లలోకి దిగి బంతిని బయటికి కొట్టింది. ఎండకు కమిలిపోయిన కాళ్ల కింద, ఎప్పుడూ మేజోళ్లు దాటని పాదాలు తెల్లగా కనిపించాయి. ఆ పైన ఇంకో రెండు హోల్స్ ఆడి గెలిచింది. ఆమెతో తలపడిన అమెరికా అమ్మాయి అప్పటికి కాలేజీ విద్యార్థిని. కొన్నేళ్లకు ఆట వదిలి నర్సు అయింది.

అప్పుడు కొరియా పెద్ద ఆర్థిక సంక్షోభంలో ఉంది. ఆ ఏడాది మొదట్లోనే అక్కడి ఆడవాళ్లు విదేశీ అప్పు తీర్చడానికి తమ పెళ్లి ఉంగరాలు దేశానికిచ్చారు. అలాంటి రోజుల్లో నీళ్లలో నిలబడిన ఆ తెల్లటి పాదాలు వాళ్లందరికీ ధైర్యం చెప్పాయి. ఆ పోటీ టీవీలో చూసిన, పదేళ్లు నిండబోతున్న ఇన్బీ పాక్ కొద్ది రోజులకే గోల్ఫ్ కర్ర పట్టింది. 2008లో అదే ఓపెన్, 2016లో రియో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ ఒలింపిక్ జట్టుకు కోచ్ సేరీయే. 2012లో అదే బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో ఓపెన్ జరిగితే గెలిచిందీ కొరియా అమ్మాయే, నా యోన్ చోయ్. ఆ తరాన్ని ‘సేరి పిల్లలు’ అని పిలుచుకుంటారు.

సేరి మొత్తం అయిదు మేజర్లు, టూర్‌లో ఇరవై అయిదు విజయాలు సాధించింది. 2007లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. బహుమతుల రూపంలోనే కోటి ఇరవై అయిదు లక్షల డాలర్లకు పైగా సంపాదించి, 2016లో ఆట విరమించింది. మధ్యలో 2005 ప్రాంతంలో ఆట పూర్తిగా చెడింది. ఆడడమే గానీ విశ్రాంతి తీసుకోవడం తనకెవరూ నేర్పలేదని ఆమె తర్వాత చెప్పుకుంది.

మరి అంత డబ్బు ఏమైంది? బహుమతి డబ్బులో చాలా భాగం నాన్న అప్పులకే పోయిందని, నాన్న కాబట్టి అందుకు బాధ లేదని 2015లో ఒక టీవీ కార్యక్రమంలో ఆమే చెప్పింది. 2023 సెప్టెంబరుకు పరిస్థితి మారింది. ఆమె పేరున నడిచే ఫౌండేషన్ ఆమె తండ్రి మీదే పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఒక వ్యవహారంలో ఫౌండేషన్ ముద్రను దొంగగా తయారుచేసి కాగితాల మీద వేశాడని ఆరోపణ. కొరియాలో ముద్ర అంటే మన దగ్గర సంతకం లాంటిది. 2024 జూన్‌లో సేరి సోల్ నగరంలో పత్రికల వాళ్ల ముందుకొచ్చింది. ఒక అప్పు తీరిస్తే ఇంకోటి పైకొచ్చిందనీ, ఇక తాను బాధ్యత వహించలేననీ చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది. తండ్రిని ఎందుకు ఆపలేకపోయావని ఎవరో అడిగినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేకపోయింది.

ఆ తండ్రి నేరం చేశాడో లేదో తేల్చాల్సింది అక్కడి కోర్టులు. ఆయన్ని దుర్మార్గుడనడం నా ఉద్దేశం కాదు. పొద్దున్నే లేచి కూతురితో పరుగెత్తిన తండ్రి ఆయన. ఆయన లేకపోతే ఆ సేరి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. దుర్మార్గుడైన తండ్రికి కాదనడం తేలిక. కష్టపడి పెంచిన తండ్రికి కాదనడం ఎలా?

మన ఇళ్లల్లో గోల్ఫ్ లేదు గానీ ఈ కథ ఉంది. నర్సుగా గల్ఫ్ వెళ్లిన అమ్మాయి పంపిన డబ్బుతో తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, ఇంటి మీద మేడ అయ్యాయి. ఆ మేడ ఎవరి పేరున ఉంది? బ్యాంకులో పనిచేసే పిల్ల ఏటీఎం కార్డు పెళ్లిదాకా నాన్న జేబులో, పెళ్లయ్యాక మొగుడి జేబులో ఉంటుంది. ఇంట్లో గవర్నమెంటు టీచరు ఉందంటే, చిట్టీ పాడుకున్న ప్రతి బంధువూ ష్యూరిటీ సంతకానికి ఆమె దగ్గరికే వస్తాడు. అన్నయ్య వ్యాపారానికి ఆమె పేరున పర్సనల్ లోను తీస్తారు. “నిన్ను ఇంత చదివించింది ఎవరే?” అన్న ఒక్క మాటతో ఆమె నోరు మూతపడుతుంది.

కన్నవాళ్లను చూసుకోవద్దని నేనడం లేదు. పెళ్లయిన కూతురికి కూడా తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కొడుకులతో సమానంగా కూతుళ్లకు ఆస్తిలో వాటా కావాలని అడిగిన మనం ఆ బరువూ మోయాల్సిందే. కానీ పోషణ వేరు, అప్పు వేరు. నాన్నకు మందులు కొనడం, నెలనెలా ఇంత అని పంపడం పోషణ. ఆయన వడ్డీకి తెచ్చిన డబ్బుకు హామీ సంతకం పెట్టడం పోషణ కాదు. హామీ పెట్టినవాళ్లు అప్పు చేసినవాళ్లతో సమానంగా బాధ్యులని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. “ఊరికే ఒక సంతకం” అనేది చట్టంలో లేదు.

హిందూ స్త్రీ తన నేర్పుతో, తన కష్టంతో సంపాదించిన ఆస్తి పూర్తిగా ఆమెదేనని 1956 నాటి వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షను చెబుతోంది. ఆ హక్కు కాగితం మీద వచ్చి ఇన్నేళ్లయినా, తన పేరున ఎంత డబ్బుందో, ఎంత అప్పుందో చెప్పలేని ఉద్యోగినులు మనలో ఉన్నారు. ఇది తెలివితక్కువతనం వల్ల కాదు. లెక్క అడిగితే ప్రేమ లేదంటారేమోనన్న భయం వల్ల.

నాకు తోచింది చెబుతాను. అమ్మానాన్నలకు నెలకు ఎంత ఇవ్వగలరో ముందే చెప్పి, అది తప్పకుండా ఇవ్వండి. ఖాళీ చెక్కు మీద, చదవని కాగితం మీద సంతకం చేయకండి. ఎవరికైనా అప్పివ్వాల్సివస్తే, పోయినా పరవాలేదనుకున్నంత మాత్రమే ఇవ్వండి. ఏడాదికొకసారైనా బ్యాంకుకు వెళ్లి మీ పేరున ఉన్న లోన్లు, హామీలు ఏమిటో కనుక్కోండి. కాదనాల్సి వచ్చినప్పుడు మొదటిసారే కాదనడం మేలు. ఇరవయ్యోసారి కాదనాలంటే సేరి లాగా లోకం ముందు ఏడవాల్సివస్తుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లను టెన్నిస్‌కో, డాన్సుకో, ఎంసెట్ కోచింగ్‌కో పంపడానికి మీరు నగలు తాకట్టు పెట్టి ఉండొచ్చు. ఆ త్యాగం చిన్నది కాదు. కానీ అది పిల్ల అడిగి తెచ్చుకున్న అప్పు కాదు. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చు మన బాధ్యత అయినప్పుడు, కూతురి చదువుకు పెట్టింది మాత్రం ఆమె తీర్చాల్సిన బాకీ ఎలా అవుతుంది?

మొదటి జీతం దేవుడి దగ్గర పెట్టి, నాన్న చేతికివ్వడం మనలో చాలా ఇళ్ల ఆచారం. ఆ ఆచారం అలాగే ఉండనిద్దాం. ఆ డబ్బుతో పాటు ఆమె కార్డు, చెక్కు బుక్కు కూడా ఇచ్చేస్తుంటే మాత్రం, నాన్నే వాటిని తిరిగి ఆమె చేతిలో పెట్టాలి.