జలవిహారమునకు బయలుదేరు గృహిణులకు



దసరా సెలవులు సమీపించినకొలదిని జలయాత్రలను గూర్చిన ప్రశ్నలతో మాకు వచ్చు లేఖలు హెచ్చుచున్నవి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములనుండియే యివి మిక్కిలిగా వచ్చుచున్నవి. ఒక సోదరి యిట్లు వ్రాసినది: “నేనును నా భర్తయు సాఫ్టువేరు కచ్చేరీలలో పనిచేయుదుము. ఏడాది కొక్కమారు వారము రోజుల తీరిక దొరకును. పిల్లలు సముద్రపు ఓడ యెక్కుదమందురు. అత్తగారు శ్రీశైలము చూడవలెనందురు. ఆమెకు రక్తపుపోటు కలదు. ఏది మేలు? ఏమేమి సిద్ధపరచుకొనవలెను?”

రెండును మేలే. అయిన నీరు చుట్టరికము నెరుగదు. ఇంటి నడిపినంత జాగ్రత్తతో యాత్రను నడిపిన నాడే యది విహారమగును. కావున ఈ నెల రెండు విధములైన యాత్రలను గూర్చియు ముచ్చటింతము.

మనకు దగ్గరి జలయాత్ర నాగార్జునసాగరమునుండి శ్రీశైలమునకు పోవు లాంచీ ప్రయాణము. హైదరాబాదునుండి సాగరము సుమారు 150 కిలోమీటర్లు. హైటెక్ సిటీ వైపువారు తెల్లవారకముందే బయలుదేరి, ఔటర్ రింగు రోడ్డు పట్టుకొన్నచో నగరపు రద్దీ తప్పును. సాగరమునుండి నీటిపై సుమారు 110 కిలోమీటర్లు. ఆరేడు గంటల ప్రయాణము. ఇరుప్రక్కల నల్లమల కొండలు, పులులు సంచరించు అడవులు. లాంచి లింగాలగట్టు చేరును. అచ్చటినుండి ఘాటు రోడ్డున పైకెక్కి మల్లికార్జునుని, భ్రమరాంబను దర్శింపవచ్చును.

అయితే ఒక్క విషయము. జలాశయము పూర్తిగా నిండిన మట్టము 590 అడుగులు. నీరు చాలినంత చేరిన కాలముననే ఈ లాంచి నడచును. కావున సెలవు పెట్టుకొని, గదులు మాటలాడుకొని, పిమ్మట నీటిని గూర్చి విచారించుట తలక్రిందుల పని. ముందుగా పర్యాటకశాఖవారి నడిగి, లాంచి తిరుగుచున్నదని తెలిసికొని, ఆ పిమ్మటనే తక్కిన యేర్పాటులు చేసికొనవలెను.

ఆరేడు గంటలు కూర్చుండలేని వృద్ధులున్నచో నాగార్జునకొండ చాలును. సాగరమునుండి లాంచిలో సుమారొక గంట. ఒకప్పుడు ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యుండెను. అణకట్టు కట్టినచో లోయ మునుగునని 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను, కట్టడములను కొండపైకి చేర్చిరి. ఆ కొండయే నేడు ద్వీపమైనది. మన స్త్రీలు తప్పక తెలిసికొనదగిన సంగతి యొకటి అచ్చటి శాసనములలో నున్నది. మహాచైత్యమునకు దానమిచ్చినవారిలో ప్రముఖురాలు శాంతమూలుని సోదరి చాంతిసిరి. సింహళ భిక్షువులకు చైత్యగృహము కట్టించినది బోధిసిరి యను ఉపాసిక. పిల్లలకు ఈ పేరులు ముందే చెప్పి తీసికొనిపోయినచో, వారు రాళ్లను చూడరు, మనుష్యులను చూతురు.

అచ్చటి మ్యూజియమునకు శుక్రవారము సెలవు. దిగగానే తిరుగు లాంచి యెన్ని గంటలకో అడిగి, వ్రాసికొనుడు. ఎండకు గొడుగు, త్రాగుటకు నీరు, మెట్లెక్కుటకు మెత్తని చెప్పులు వెంటనుండవలెను. పులిహోర, దద్ధోజనము మూట కట్టుకొన్నచో ఆకలి గొన్న పిల్లలతో చిక్కుండదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. 2019 సెప్టెంబరు 15వ తేది ఆదివారమునాడు పాపికొండల యాత్రకు పోవుచున్న పడవ దేవీపట్నము మండలమున కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగెను. నది వరదమీద నున్నది. పడవలో డెబ్బదిమందికి పైగా నుండిరి. వారిలో హైదరాబాదువారును, వరంగల్లు వైపువారును కలరు. ఒడ్డునున్న పల్లెవారు తమ పడవలతో పరుగెత్తి కొందరిని గట్టెక్కించిరి. నలువదిమందికి పైగా తిరిగి యిల్లు చేరలేదు. అంతకు రెండేండ్ల క్రిందట, 2017 నవంబరులో, ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలోను అట్లే పడవ మునిగి ఇరువదిమందికి పైగా పోయిరి. సెలవునాడు సంతోషముగా ఇంటికి తాళము వేసి బయలుదేరినవారే వీరందరును.

కావున ఏ రేవున నైనను నాలుగు విషయములు చూడవలెను. పడవకు అనుమతి పత్రము కలదా? ఎందరికి అనుమతియో అందరే యెక్కినారా? తలకొక లైఫ్‌జాకెట్టు, పిల్లల కొలతవి సహితము, కలవా? నది వరదమీద నున్నదా? జాకెట్టు ఎక్కునప్పుడు తొడిగి, ఒడ్డు దిగువరకు విప్పరాదు. ఉక్కగానున్నదని, ఛాయాచిత్రమున బాగుండదని, భోజనమునకు అడ్డమని విప్పుట కూడదు. సరంగు “ఏమియు కాదమ్మా” యని నవ్వినను మీరు నవ్వకుడు.

ఈ సందర్భమున మా యింటి ముచ్చట యొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక రేవునకు పదునొకండుగురము పోయితిమి. పడవ క్రిక్కిరిసి యున్నది. జాకెట్లు సగముమందికే యున్నవి. డబ్బు ముందే చెల్లించితిమి. పిల్లలు ఎగురుచున్నారు, మగవారు తొందరపడుచున్నారు. నాకు గుండె దడదడలాడుచున్నను, నలుగురిలో వద్దనుటకు నోరు రాలేదు. అప్పుడు మా అత్తగారు ఒడ్డున చాప పరచి కూర్చుండి, “నేను ఎక్కను, నా మనుమలను ఎక్కనీయను” అనిరి. అందరును విసుగుకొనిరి. ఆ పడవ క్షేమముగనే తిరిగి వచ్చినది. “చూచితివా, అనవసరముగా చెడగొట్టితిరి” అని మాకు సాయంత్రమువరకు దెప్పుళ్లు తప్పలేదు. అయినను ఆమె చేసినదే సరియైన పని యని నేను నేటికిని చెప్పుదును. పడవ మునిగిన నాడే వద్దన్నవారు వివేకవంతులా? మునుగకున్నను వివేకము వివేకమే.

ఇక సముద్రయాత్ర. మనవారు సాధారణముగా ముంబాయినుండి గాని, చెన్నపురినుండి గాని, విమానమున సింగపూరు చేరి అచ్చటినుండి గాని ఓడ యెక్కుచున్నారు. 2022 జూనులో విశాఖపట్టణమునకును విహారనౌక వచ్చెను. 2023లో అచ్చట నౌకాయాత్రికుల కొరకు ప్రత్యేక భవనము ప్రారంభమయ్యెను. ఏ రేవునుండి ఏ మాసమున ఓడ కలదో ప్రతి సంవత్సరము మారుచుండును గావున, విచారింపక నిర్ణయింపరాదు.

ఓడ బయలుదేరు నాటి ఉదయము విమానమెక్కకుడు. ఒకరోజు ముందే రేవున్న పట్టణము చేరుడు. విమానము ఆలస్యమైనచో ఓడ మీకొరకు ఆగదు. విదేశమునకు పోవునప్పుడు పాస్‌పోర్టునకు ఇంకను ఆరు మాసముల గడువుండవలెను. ఒక దేశము విడిచి ఓడలో మరల అదే దేశము చేరుదురు గావున, వీసా రెండవమారు ప్రవేశించుటకును చెల్లునో లేదో చూచుకొనుడు.

పెద్ద పెట్టెలను రేవుననే తీసికొందురు; అవి గదికి చేరుటకు కొన్ని గంటలు పట్టును. కావున అత్తగారి రక్తపుపోటు మాత్రలు, వైద్యుని చీటి, పసివారి పాలసీసాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుండవలెను. కడుపులో త్రిప్పువారికి ఓడ నడుమ, క్రింది అంతస్తున గది మంచిది. అచ్చట ఊపు తక్కువ. మందులను బయలుదేరకముందే వైద్యుని అడిగి తెచ్చుకొనుడు. ఇరువదినాలుగవ వారములో ప్రవేశించిన గర్భవతులను, ఆరు మాసములు నిండని శిశువులను పెక్కు ఓడలవారు ఎక్కించుకొనరు. శాకాహారము కావలెనని టిక్కెట్టు కొనునప్పుడే వ్రాయించుడు. టిక్కెట్టు వెలతోనే ఖర్చు ముగియదు. పరిచారకుల బహుమానము రోజునకు తలకింత యని పెక్కు ఓడలలో చేర్తురు. సెల్‌ఫోనును విమానపు మోడులో నుంచుడు; లేకున్నచో ఓడలోని తీగలేని సేవకు మీరెరుగకయే పెద్ద బిల్లు పడును.

రేవులలో దిగి ఊరు చూచుటకు రెండు మార్గములు. ఓడవారు ఏర్పరచిన బండిలో పోయినచో వెల యెక్కువ; కాని బండి ఆలస్యమైనచో ఓడ సాధారణముగా వేచియుండును. స్వయముగా టాక్సీలో పోయినచో వెల తక్కువ. ఆలస్యమైనచో ఓడ వెడలిపోవును, తరువాతి రేవునకు స్వంత ఖర్చుతో పోవలసివచ్చును. రేవు దూరమైనచోట మొదటిది, ఊరు దగ్గరైనచోట రెండవది మేలు. ఓడ గడియారమును ఊరి గడియారమును వేరుగా నుండవచ్చును. ఓడ గడియారమునే నమ్ముడు. తిరిగి రావలసిన వేళకు గంటన్నర ముందుగానే మరలుడు. రేవునందలి ఓడ ప్రతినిధి ఫోను సంఖ్యను కాగితముపై వ్రాసి కొంగున ముడివేసికొన్నట్లు దాచుకొనుడు.

ఆ సోదరికి మా సలహా: ఈ దసరాకు అత్తగారితో సాగరము, శ్రీశైలము, పిల్లల ఓడ ముచ్చట వచ్చు సెలవులకు. ఆమె మోకాళ్లు ఏటేట బలపడవు. పిల్లలకు ముందు చాల యేండ్లున్నవి.

యాత్రకు కావలసిన వస్తువుల పట్టికలో మరియొకటి వ్రాసికొనుడు: రేవున నిలిచి “వద్దు” అనగల ధైర్యము. చెల్లించిన పైకము మరల సంపాదింపవచ్చును. క్షేమముగా పోయి, సుఖముగా తిరిగిరండు. మీ యనుభవములను మాకు వ్రాయుడు.