వేట నిషేధంలో గాలం పందేలా?

2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో సర్ ఆర్థర్ కాటన్ పేరిట డ్రాగన్ పడవల పోటీలు జరిగాయి. కాలువలో పడవ పందెం జరిగాక, సముద్రంలో చేపల పందెం కూడా పెడితే బాగుంటుందన్న ఆలోచన ఎవరికైనా రావడం సహజం. వేసవి సెలవులకు ఓడలరేవు, అంతర్వేది తీరాలకు జనం ఎలాగూ వస్తారు. నాలుగు పడవలు, పది గాలాలు, ఒక బహుమతి ఉంటే ఉత్సవం తయారు.

ఆలోచన చెడ్డది కాదు. వేసవి అన్న మాట దగ్గరే చిక్కు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు తూర్పు తీరమంతటా సముద్ర వేటపై నిషేధం ఉంటుంది. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకొనే కాలం గనుక మరపడవలు, ఇంజన్ పడవలు కడలిలోకి పోరాదని నియమం. ఆ రెండు నెలలూ అంతర్వేది పల్లిపాలెం మొదలు కాట్రేనికోన మండలం బలుసుతిప్ప వరకూ పడవలు ఒడ్డున కట్టేసి ఉంటాయి. మగవారు చిరిగిన వలలు అల్లుకుంటారు, ఇంజన్లు విప్పి బాగుచేయించుకుంటారు, సావుకారు దగ్గర అప్పు రాసుకుంటారు. అలాంటి రోజుల్లో పట్నం నుంచి వచ్చిన వారు స్పీడు బోటు ఎక్కి సరదాకు గాలం వేస్తే, ఒడ్డున వల అల్లుకుంటున్న మనిషికి ఎలా ఉంటుంది? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

ఇంజన్ లేని తెప్పలకూ నాటు పడవలకూ నిషేధం వర్తించదు కదా, ఒడ్డున నిలబడి గాలం వేస్తే తప్పేమిటని వాదించేవారు ఉండవచ్చు. చట్టం మాట సరే. గుడ్లతో ఉన్న చేపకు వల అయినా గాలం అయినా ఒకటే. ఆ మినహాయింపు తెప్ప మీద పొట్టపోసుకునే పేదవాడి కోసం ఇచ్చింది. దాన్ని పందెం రాయుళ్లు వాడుకోవడం న్యాయం కాదు.

నిషేధ కాలపు భృతి సంగతి కూడా చూడాలి. 2019లో ఇది రూ.10 వేలు అయింది. ఆ సాయాన్ని అప్పట్లో ముమ్మిడివరంలోనే ప్రారంభించారు. 2025లో రూ.20 వేలకు పెంచి, ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో అందజేశారు. పెంపు మంచిదే. కాని 61 రోజులకు పంచితే రోజుకు రూ.328 చొప్పున పడుతుంది. పైగా ఇది వేటకు వెళ్లేవారికి ఇచ్చే సాయం. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మే ఆడవారికి విడిగా లెక్క లేదు. పందేలకు డబ్బు పెట్టగలిగినవారు ముందుగా ఈ గంపల వైపు చూడవలసి ఉంది.

విదేశాల్లో ఇలాంటి పోటీలు వేసవిలోనే జరుగుతున్నాయి గదా అంటారు. నిజమే. హవాయి దీవుల్లోని కోనాలో (పేరుకు కోనసీమతో చుట్టరికం ఉన్నట్టే ఉంది) 1959లో మొదలైన పోటీకి దేశదేశాల నుంచి షావుకార్లు వస్తారు. వారు వేటాడేది పొడుగు ముక్కు మార్లిన్‌ను. ఆ జాతినే ఈ తీరపు జాలరులు కొమ్ముకోనాం అంటారు. 2022 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం జాలరి ఒకరు వేటలో చిక్కిన కొమ్ముకోనాం పొడిచి చనిపోయారు. అక్కడ బహుమతి తెచ్చే చేప ఇక్కడ ఇంటి పెద్దను తీసుకుపోయింది.

కోనా కంటే ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు పద్ధతి కోనసీమకు దగ్గరగా ఉంది. 2015 నుంచి అక్కడ కొన్ని చేపలకు గుర్తు బిళ్లలు కట్టి నదుల్లో వదులుతున్నారు. బిళ్ల ఉన్న చేప దొరికినవారికి సొమ్ము, ఒక్కోదానికి పది లక్షల డాలర్లు కూడా. అక్కడ బారముండి అని పిలిచే ఆ చేప మరేదో కాదు, పండుగప్పే. కోనసీమ చెరువుల్లో పెంచుతున్నదీ, మొగల్లో ఉప్పునీరు మంచినీరు కలిసేచోట తిరిగేదీ అదే. దానికోసం నడిసముద్రంలోకి పోనక్కరలేదు. వైనతేయ మొగలోనే గాలం వేయవచ్చు.

ఇక వాతావరణం. మే నెల తుపానులు కొత్తకాదు. 2022 మే 11న అసాని తుపాను నరసాపురం, మచిలీపట్నం మధ్యనే తీరం తాకింది. జూన్ తర్వాత వర్షాలు, గోదావరి వరదలు. అక్టోబరు, నవంబరు అంటేనే కోనసీమకు గుండెదడ. 1996 నవంబరు 6 రాత్రి బలుసుతిప్పలో ఏం జరిగిందో ఆ ఊరు మరచిపోలేదు. అన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి వెళ్లాక మార్చి వరకూ ఉన్న రోజులు. అందులోనూ అంతర్వేది నరసింహస్వామి తీర్థం వారం రోజులు వదిలేయాలి. అప్పటి రద్దీకే బస్సులు, పోలీసులు చాలవు.

ఆ రోజుల్లో పెట్టేటట్లయితే తెడ్డు పడవలే వాడాలి. పడవ నడిపేది స్థానిక జాలరి కావాలి. అతనికి పోయిన వేటకు తగ్గ కూలి ముందే చెల్లించాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వరాదు. తూకం, ఫొటో అయ్యాక బతికి ఉన్న చేపను నీటిలో వదలాలి, చచ్చిన చేప పడవవాడికే చెందాలి. ఈ చివరి షరతును ముందుగా కాగితం మీద రాయకపోతే కాటా దగ్గరే తగాదా మొదలవుతుంది.

తేదీ ఖరారు చేయడానికి ముందే పర్యాటక, మత్స్యశాఖల వారు పల్లిపాలెం, ఓడలరేవు పెద్దలను పిలిచి కూర్చోబెట్టుకోవాలి. మొగలో ఇసుకమేట ఏ నెలలో ఎటు జరుగుతుందో, పాటు వేళ పడవ ఎక్కడ పట్టేస్తుందో వారిని అడిగితేనే తెలుస్తుంది.